బాతుల జీర్ణకోశ రక్షణకై మేతలో కలుపదగిన మూలికలు
(ఎల్లారెడ్డిపేట ప్రాంతపు పట్టాదారు రైతుల యుపయోగార్థము)

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట మండలము సిరిసిల్లనుండి కామారెడ్డికి పోవు రహదారిమీద నున్నది. ఈ ప్రాంతమున చెరువులక్రిందను, బావులక్రిందను వరి ప్రధానమైన పంట. పూర్వపు రెవెన్యూ లెక్కలలో ఆబి, తాబి యని వ్రాయబడి, ఇప్పుడు వానకాలము, యాసంగి యని పిలువబడు రెండు కార్లయందును వరి కోసిన పిమ్మట మళ్ళలో రాలిన గింజయు, నత్తలును, పురుగులును మిగులును. ఇవి యన్నియు బాతునకు మేత. కోస్తా జిల్లాల కాపరులు, ముఖ్యముగా నెల్లూరు ప్రాంతమువారు, కోతలను వెంబడించి తమ మందలను ఊరూరికి త్రిప్పుట తెలిసినదే. తన పొలములోని మేత పరుల మంద తినిపోవుచుండగా, తానే నూరు బాతులు పెంచిన నేమి యని కొందరు రైతులు తలంచుట సహజము.

అయితే బాతులను పెంచినవారికి నష్టము వచ్చునది తరచుగా రెండు త్రోవలనే. ఒకటి అంటురోగము. రెండవది ప్రేవుల జబ్బు: పిల్లలు పారుచు, మేత ముట్టక, రెక్కలు వ్రేలవేసి యొకటొకటిగా చచ్చుట, పెద్దబాతులు చావకున్నను గ్రుడ్లు తగ్గించుట. ఈ రెండవదానికి మందని చెప్పి మూలికల సారము, పత్రసారము, లివర్ టానిక్ అను పేళ్ళతో సీసాలును, పొట్లములును అంగళ్ళలో అమ్మకమునకు వచ్చుచున్నవి. వానిలో కొన్నింటియందు గుణము లేకపోలేదు. కాని సీసాలో నున్న వస్తువులో పెద్దభాగము రైతు పెరటిలోను, వంటయింటిలోను ఉండునదే. దానిని ఏ రీతిగా వాడిన పనిచేయునో, ఏ రీతిగా వాడిన వృథా యగునో తెలిసికొనుట మేలు.

బాతు కడుపు కోడికడుపు వంటిది కాదు. కోడికి మెడక్రింద సంచివంటి క్రోపు స్పష్టముగా నుండును. బాతునకు అట్టి సంచి లేదు. అన్ననాళమే కొంతమేర కదురువలె ఉబ్బి మేతను నిలుపును. పిమ్మట రసములూరు కడుపు, ఆపైని కందనకాయ, చిన్నప్రేవు, రెండు గ్రుడ్డిప్రేవులు వచ్చును. మేత వేగముగా క్రిందికి దిగును. బాతు నీరు లేక మేత మ్రింగలేదు; ముద్ద నోటబెట్టుకొని నీళ్ళతొట్టికి పరుగెత్తి, ముక్కు ముంచి, తిరిగి మేతకు వచ్చును. అందువలన మేతతొట్టిలోనికి నీరు, నీళ్ళతొట్టిలోనికి మేత చేరి, రెండును కొలదికాలములోనే పులియును. బాతుల ప్రేవులజబ్బులో అధికభాగము ఈ పులిసిన మేతనుండియే పుట్టుచున్నది. ఏ మూలికయు దీనిని కప్పిపుచ్చజాలదు.

చిన్నప్రేవు లోపలితట్టు మఖమలు గుడ్డవలె సన్నని నూగుతో నుండును. మేతలోని సారమును పీల్చునది ఆ నూగే. చెడు క్రిములు పెరిగినప్పుడు నూగు అరిగి పొట్టిదగును; అప్పుడు పక్షి యెంత తిన్నను ఒంటబట్టదు. 1940ల చివర అమెరికాలో కోడిపిల్లల మేతలో యాంటిబయాటిక్ మందు అత్యల్పముగా కలిపిన పక్షులు త్వరగా పెరుగునని కనుగొనబడెను. అప్పటినుండి లోకమంతటను ఆ మందులు రోగము లేకయే మేతలో కలుపబడెను. కాలక్రమమున క్రిములు ఆ మందులకు లొంగనివై, మనుష్యుల రోగములకు సైతము అవే మందులు పనిచేయకుండు ప్రమాదము వచ్చెను. ఐరోపా సమాఖ్య పెరుగుదలకై వాటిని వాడుటను 2006 జనవరి 1 నుండి నిషేధించెను. భారతప్రభుత్వము 2019 జూలైలో కొలిస్టిన్ అను మందును ఆహారమునకు పెంచు పశుపక్ష్యాదులకు వాడరాదని యుత్తరువు చేసెను. మూలికలవైపు శాస్త్రజ్ఞులు మరలి చూచుటకు ముఖ్యకారణ మిది. రోగము లేని మందకు యాంటిబయాటిక్ పొడి వేయుట యిప్పటికిని కొందరు కాపరులలో కలదు. అది మానవలసిన యలవాటు.

మూలికలపై జరిగిన పరీక్షలలో అధికము కోళ్ళమీద జరిగినవి. బాతులమీద జరిగినవి ప్రధానముగా చైనాదేశమువి. లోకములోని బాతులలో అధికసంఖ్య అచటనే కలదు. అవియును కొట్టములో బంధించి మాంసమునకు పెంచు తెల్లని పెకిన్ బాతులమీద జరిగినవే యెక్కువ. మన పొలములలో తిరిగి గ్రుడ్లు పెట్టు మందకు ఆ ఫలితము అటులే వచ్చునని యనుకొనరాదు. ఇది మనసులో నుంచుకొని క్రిందిది చదువవలెను.

పసుపు

ఈ ప్రాంతమునకు ఉత్తరమున జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాదు భూములలో పసుపు విస్తారముగా పండును. జాతీయ పసుపుబోర్డు 2025 జనవరిలో నిజామాబాదునందే ప్రారంభింపబడినది. అందువలన ఎల్లారెడ్డిపేట రైతునకు మంచి పసుపు సంపాదించుట కష్టము కాదు. పసుపులో గుణమిచ్చు పదార్థము కర్కుమిన్. అది పిత్తరసమును ఊరించును, ప్రేవుల వాపును తగ్గించును. చైనాలో బాతుపిల్లలకు బూజువిషము కలిపిన మేతపెట్టి, అందు కొన్నింటికి కిలో మేతకు 400 మిల్లీగ్రాముల కర్కుమిన్ చేర్చి చూడగా, చేర్చినవాని ప్రేవులు తక్కువ చెడినట్లు తేలినది.

ఇచట లెక్క చూడవలెను. మామూలు పసుపులో కర్కుమిన్ నూటికి మూడుపాళ్ళు మాత్రమే యుండును. 400 మిల్లీగ్రాములు కావలెనన్న సుమారు 13 గ్రాముల పసుపు కలుపవలెను. కిలోకు చిటికెడు వేసి పరీక్షలోని ఫలితమును కోరుట న్యాయము కాదు. అట్లని ఒకేసారి 13 గ్రాములు వేసిన, ఆ ఘాటునకు బాతులు మేత తగ్గించు సంభవము కలదు. కిలో మేతకు 5 గ్రాములతో ఆరంభించి, తినుట తగ్గనియెడల వారమునకు కొంచెముగా హెచ్చించి, 10 గ్రాములవద్ద నిలుపుట యుక్తము. నూరు పెద్దబాతులు దినమునకు తలకు 120 గ్రాముల చొప్పున 12 కిలోల మేత తినును. కిలోకు 5 గ్రాములనిన దినమునకు 60 గ్రాముల పసుపు, నెలకు 1 కిలో 800 గ్రాములు.

పసుపు కషాయము కాచి నీళ్ళలో పోయుట కొందరి వాడుక. ఇది దాదాపు వ్యర్థము. కర్కుమిన్ నీటిలో కరుగదు, నూనెలో కరుగును. కావున పొడిని రెండుచెంచాల నువ్వులనూనెతోగాని పల్లినూనెతోగాని కలియబెట్టి, తరువాత తవుడులో కలిపి, ఆ తవుడును మేతలో కలుపవలెను. ఇక బజారులో మిక్కిలి మెరయు పసుపును కొనరాదు. కొమ్ములకు మెరుగు వచ్చుటకై సీసపు రంగు పూయు మోసము కొన్నిచోట్ల పట్టుబడినది. సీసము బాతునకును విషమే. దాని గ్రుడ్డు తిను మనుష్యునకును విషమే. ఉడుకబెట్టి యెండబెట్టిన కొమ్మును ఇంటిలో దంచుకొనుట క్షేమము.

ఎల్లిగడ్డ, ఓమ, తక్కినవి

ఎల్లిగడ్డ (వెల్లుల్లి) విషయములో పొరపాటు మరియొక విధముగా జరుగును. పాయను చిదిమినప్పుడే దానిలోని రెండుపదార్థములు కలిసికొని, ఘాటైన యల్లిసిన్ పుట్టును. క్రిములను అణచునది అదియే. పాయలను అటులే కుండలో వేసి కాచినయెడల, ఆ కలయికకు కావలసిన జీవద్రవ్యము వేడికి చచ్చి, అల్లిసిన్ పుట్టనే పుట్టదు. కావున పచ్చిపాయను నూరి, పది నిమిషములు విడిచి, పిమ్మట మేతలో కలిపి వెంటనే పెట్టవలెను. కిలో మేతకు 5 గ్రాముల పచ్చిపాయ చాలును. హెచ్చుగా పెట్టిన గ్రుడ్డునకు వాసన పట్టు భయము కలదు. బాతుగ్రుడ్డు వాసనయని ముందే ముఖము చిట్లించు కొనుగోలుదారులకు ఇది మరియొక సాకు.

ఓమ (వాము)లో థైమాల్ అను తైలసారము కలదు. ఇంగ్లీషు మందులశాలలలో క్రిమిసంహారకముగా వాడు థైమాల్ ఒకకాలమున మనదేశపు ఓమనుండియే తీయబడెడిది. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు మన ఓమ జర్మనీకి ఓడలలో పోయి, అచట సారముగా మారెడిది. ఇప్పుడు ఐరోపాదేశపు మేతసారములలో పేరుపొందిన ఒరిగానో అను మొక్క గుణము ఈ థైమాల్‌ది, దాని తోబుట్టువువంటి కార్వక్రాల్‌ది. ఇవి క్రిమి పైపొరను చీల్చి, దానిని చంపును. రైతు దూరదేశపు సీసాకై వెతుకనక్కరలేదు. అయితే థైమాల్ ఆవిరియై పోవునది. మూతలేని కుండలో ఓమను కాచినయెడల వాసన యింటినిండ వ్యాపించును. బాతునకు మిగులునది కొంచెమే. పొడిచేసి, గాలి తగులని డబ్బాలో నుంచి, మేత పెట్టు పూటనే కిలోకు 2 గ్రాముల చొప్పున కలుపవలెను. నూరు బాతులకు దినమునకు 24 గ్రాములు.

నేలవేము, నేలయుసిరి యనునవి చేదుమూలికలు. వీని సారము నీటిలోనికి దిగును గనుక కషాయమే తగినది. వర్షకాలమున పొలముగట్లపై నేలయుసిరి దొరకును. కాని కలుపుమందు చల్లిన గట్టుమీది మొక్కను పెరుకరాదు. మునగాకు మందుకంటె మేతయని చెప్పుట సరి. నీడన నెండించి కొద్దిగా కలిపినయెడల గ్రుడ్డులోని పచ్చసొన రంగు దేరును. వేపాకు విషయములో మితము తప్పనిసరి, ఏలయన చేదు హెచ్చిన బాతు తినుట మానును. వేపగింజల పిండి యెన్నడును పెట్టరాదు.

ఆముదపుపిండి మాట వేరుగా చెప్పవలసి యున్నది. ఆముదపు గింజలో రిసిన్ అను ఘోరమైన విషము కలదు. నూనె తీసిన తరువాత అది పిండిలోనే మిగులును. పొలమునకు ఎరువుగా తెచ్చిన ఆముదపుపిండి బస్తా బాతుల కొట్టముప్రక్క ఉంచరాదు. మొలిచిన ఆముదపు చెట్లక్రింద మందను తోలరాదు.

బూజుపట్టిన మేత

పైనిచెప్పిన మూలికలన్నిటికంటె ముఖ్యమైన సంగతి యిది. దీనిని విడిచి తక్కినదంతయు చేసినను ఫలము లేదు. 1960లో ఇంగ్లాండున లక్షకు పైగా సీమకోడిపిల్లలు కారణము తెలియక చచ్చెను. బాతుపిల్లలును చచ్చెను. విచారణలో బ్రెజిల్ దేశమునుండి వచ్చిన పల్లిపిండిమీద దోషము తేలెను. ఆ పిండికి పట్టిన బూజు పుట్టించిన విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరుపెట్టబడెను. ఆ విషము ఏ ధాన్యములో నున్నదో కనుగొనుటకు తరువాత చాలకాలము శాస్త్రజ్ఞులు వాడిన సాధనము దినపు వయసు బాతుపిల్లయే. దాని కాలేయము తక్కిన పక్షులకంటె త్వరగా చెడును గనుక. అనగా కోడిపిల్ల తిని తట్టుకొను మేత బాతుపిల్లను చంపవచ్చును.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో మక్కలు పండును. పంట వచ్చు వేళకు వానలు విడువకున్న కంకిలోనే బూజు చేరును. సరిగా నెండని మక్కలను బస్తాలలో కుక్కి, తడినేలపై నిలిపినయెడల బూజు వృద్ధియగును. కడిగినను, ఉడికించినను ఈ విషము పోదు. బూజు పైకి కనబడనిచోట కూడ విషముండవచ్చును. గింజను పంట కొరికి చూచి, కణుక్కుమని విరుగువరకు నెండబెట్టవలెను. తేమ నూటికి 12 పాళ్ళు దాటరాదు. బస్తాలను గోడకు ఆనింపక, చెక్కపలకలమీద నుంచవలెను. బాతుపిల్లలకు మొదటి ఎనిమిది వారములు పల్లిపిండిని పూర్తిగా మానుట మంచిది. మక్కలకు బదులు నూకలు క్షేమము. బూజు వాసన వచ్చిన బస్తాలో పసుపు కలిపి బాతులకు పెట్టుట చంపుటతో సమానము. పరీక్షలో పసుపు విషమును కొంత తగ్గించెనే కాని పోగొట్టలేదు.

మూలిక తీర్పలేని జబ్బులు

పిల్లల కాళ్ళు వంకరపోయి, కుంటుచు పడిపోవుచున్న, అది ప్రేవులజబ్బు కాదు. నయాసిన్ అను విటమిన్ లోపము. బాతుపిల్లకు కిలో మేతకు 55 మిల్లీగ్రాముల నయాసిన్ కావలెను. కోడిపిల్లకంటె ఇది చాల హెచ్చు. కోళ్ళమేత తెచ్చి బాతులకు పెట్టువారికి ఈ నష్టము వచ్చును. ఈస్టుపొడి కలిపిన నివారణమగును.

వేసవిలో ఎండిపోవు చెరువుమడుగులలో చచ్చిన చేపలు క్రుళ్ళి పురుగుపట్టును. ఆ పురుగులను తిన్న బాతులకు మెడ వ్రాలిపోవును, కొలదిగంటలలో చచ్చును. ఇది బొట్యులిజము. మందను ఆ మడుగునుండి వెంటనే తొలగించి, మంచినీరు సమృద్ధిగా నిచ్చుట తప్ప మార్గము లేదు. వరిమడిలో కార్బోఫ్యురాన్ గుళికలు చల్లియున్నను ఇట్లే ఆకస్మికముగా చచ్చును. మందను తోలుటకు ముందు ఆ మడిగల రైతును, ఏ మందు ఎప్పుడు చల్లెనో అడిగి తెలిసికొనవలెను. ఈ రెండింటికిని ఎల్లిగడ్డ పనికిరాదు.

బాతుప్లేగు, బాతుకలరా యనువానికి టీకాలు కలవు. బాతుప్లేగు టీకాను ఎనిమిది మొదలు పండ్రెండు వారముల వయసులో వేయింపవలెను. సమీపపు పశువైద్యశాలలో ముందుగా చెప్పియుంచిన తెప్పింతురు. 2014 నవంబరులో కేరళలోని కుట్టనాడు ప్రాంతమున బర్డ్‌ఫ్లూ వచ్చి వేలకొలది బాతులు చచ్చెను, మిగిలినవానిని ప్రభుత్వమువారు చంపించిరి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరుజిల్లా కోళ్ళలోను ఆ రోగమే కనబడెను. ఇతరజిల్లాల మందలు తిరుగు మళ్ళలోనికి స్వంతమందను అదే వారమున తోలకుండుట వివేకము. ఒక్కదినమున అనేకబాతులు చచ్చిన, కళేబరములను చెరువులో పారవేయక, పశువైద్యునకు తెలుపవలెను. ఇట్టి వేళ కషాయము కాచుచు రెండుదినములు గడుపువాడు తన మందనేకాక ఊరి మందలను పోగొట్టును.

వాడుటకు ముందు చేయవలసిన పని

నీళ్ళతొట్టి బాతు తలమునుగునంత లోతుగా, అనగా అయిదారు అంగుళములు ఉండవలెను. లేనియెడల కన్నులు, ముక్కురంధ్రములు మూసికొనిపోవును. ఈదుటకు చెరువు అక్కరలేదు. తొట్టిని మేతకు దూరముగా, జల్లెడవంటి కఱ్ఱపలకలమీద నిలిపిన, కారిన నీరు క్రిందికి దిగి ఊక తడియదు. తడిపిన మేత ఒకపూటలో తినగలిగినంతయే కలిపి, మిగిలినదానిని పారవేసి, తొట్టి కడుగవలెను. ఈ పని పదిదినములు శ్రద్ధగా చేసి చూచిన, పారుట చాలమట్టుకు మూలిక లేకయే తగ్గును. అప్పటికిని తగ్గనిచోటనే మూలికల యుపయోగము తెలియును.

మూలికవలన లాభము కలిగెనో లేదో తెలిసికొనుటకు రైతే స్వయముగా పరీక్ష చేయవచ్చును. ఒకే ఈడు బాతులు నూరింటిని, ఒకటి విడిచి యొకటి పట్టి, ఏబదేసి చొప్పున రెండు దొడ్లలో వేయవలెను. మొదటి రెండువారములు రెండుదొడ్లకును ఒకే మేత పెట్టి, గ్రుడ్లు లెక్కింపవలెను. బాతు తెల్లవారుజామునుండి తొమ్మిది గంటలలోపల గ్రుడ్డు పెట్టును గనుక, తొమ్మిదింటివరకు మందను విడువక దొడ్డిలోనే యుంచిన లెక్క తప్పదు. ఏ మూలికయు లేకయే ఒకదొడ్డి దినమునకు రెండుమూడు గ్రుడ్లు హెచ్చు పెట్టవచ్చును. ఆ భేదము ఎంతయో ముందు తెలియనిచో, తరువాత అదే భేదమును చూచి మూలిక గుణమని భ్రమపడుట జరుగును.

పిమ్మట నాలుగువారములు ఒకదొడ్డికి మాత్రము మూలిక కలిపిన మేత పెట్టవలెను. మేత తూకము, గ్రుడ్ల సంఖ్య, చచ్చినవాని సంఖ్య, రెట్ట గట్టిదో నీళ్ళదో, దినదినము ఒక చిట్టాలో వ్రాసియుంచవలెను. తరువాత రెండువారములు రెండింటికిని మామూలు మేత పెట్టి, మరి నాలుగువారములు మూలికను రెండవదొడ్డికి మార్చవలెను. మూలిక పోయినచోటెల్ల గ్రుడ్లు హెచ్చినయెడల ఆ హెచ్చుదల మూలికదే. ఒక దొడ్డియందే యెల్లప్పుడు హెచ్చుగా నున్నయెడల అది ఆ దొడ్డి నీడది, నేలది, లేక ఆ బాతులది. హెచ్చిన గ్రుడ్ల వెలనుండి మూలికల వెలను తీసివేసి, మిగులు కనబడినప్పుడే నూరింటికిని పెట్టుట మొదలిడవలెను. సీసా అమ్మువాడు తన సారము ఇంటిపొడికంటె మేలని చెప్పినచో, ఒకదొడ్డికి అతని సీసాను, రెండవదానికి ఇంటి పసుపును, ఓమను పెట్టి ఇదే లెక్క చూడవచ్చును. ఒకేసారి నాలుగైదు మూలికలు కలిపి పరీక్షించిన, ఏది పనిచేసెనో తెలియదు.